అమ్మానాన్నలు ఆరు నెలలు యూబా సిటీకి వెళ్తున్నారు, పక్కనే గురుద్వారా ఉందట, మనవాళ్ళు రోజూ వెళ్ళొచ్చా?

మారతహళ్ళి మాధవి:

అందరికీ నమస్కారం. మేం బెంగళూరులో మారతహళ్ళిలో ఉంటాం, అమ్మా నాన్నా కూడా మాతోనే. మా చెల్లికి అక్టోబర్‌లో డెలివరీ. మా మరిది డాక్టరు, కాలిఫోర్నియాలో యూబా సిటీ అనే ఊళ్ళో పని చేస్తాడు. అమ్మానాన్నలకి విజిటర్ వీసా ఉంది, సెప్టెంబర్‌లో బయల్దేరి ఫిబ్రవరి దాకా ఉంటారు.

అమ్మ గురించి నాకు దిగుల్లేదు, పురుడూ పసిబిడ్డా అంటే ఆవిడకి ఊపిరి సలపదు. టెన్షన్ అంతా నాన్న గురించే. ఆయన నెల్లూరు దగ్గర కోవూరులో వరి పండించిన మనిషి, పొలం కౌలుకిచ్చి ఇక్కడికి వచ్చాక కూడా పొద్దున్నే పార్కులో తెలుగు పెద్దాళ్ళ గ్యాంగునొకదాన్ని తయారుచేసుకున్నారు, టీ బంకు దగ్గర కన్నడం, తమిళం అన్నీ కలిపి మాట్లాడేస్తారు. ఆయన్ని తీసుకెళ్ళి కారు లేకపోతే కాలు కదపలేని ఊళ్ళో పెడితే ఏమవుతారో నాకు తెలుసు. పోయినసారి డల్లాస్‌లో అన్నయ్య దగ్గర ఉన్నప్పుడు రెండో నెలకే టికెట్ ముందుకు జరపమని గోల.

చెల్లి చెప్పేదేంటంటే వాళ్ళ ఊళ్ళో తెలుగువాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది, మన గుడి కావాలంటే శాక్రమెంటో వెళ్ళాలి, లివర్‌మోర్ అయితే రెండు గంటల పైన డ్రైవ్. కానీ టియెర్రా బ్యూనా రోడ్‌లో పెద్ద గురుద్వారా ఉందట, వాళ్ళింటి నుంచి నడిచి పోవచ్చట. పక్కింటి పంజాబీ ఆంటీ "అంకుల్‌ని రోజూ పంపించు బేటీ" అందట. చెల్లికి మొహమాటం. మనం సిక్కులం కాదు కదా, రోజూ వెళ్ళి భోంచేస్తే ఊరికే తినడానికి వస్తున్నారని అనుకోరా? అక్కడేం చేయాలి, ఏం చేయకూడదు? అసలు పంజాబీలు ఆ ఊళ్ళో అంతమంది ఎందుకున్నారు? అక్కడ ఉండి వచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.

వైట్‌ఫీల్డ్ వాసు:

మాధవి గారూ, నేను శాక్రమెంటో వైపు చాలా ఏళ్ళుండి ఇప్పుడు వైట్‌ఫీల్డ్‌లో సెటిలయ్యాను. యూబా సిటీ అక్కడికి గంట లోపే. మీ నాన్నగారికి మొత్తం అమెరికాలో ఇంతకంటే కుదిరే ఊరు దొరకదని నా గట్టి నమ్మకం, ఎందుకంటే అది పేరుకే సిటీ, నిజానికి పల్లెటూరు. పీచ్ తోటలు, వాల్‌నట్లు, ప్రూన్స్, ఊరు దాటితే వరి. అవును, వరే. కాలిఫోర్నియా వరి దాదాపు అంతా ఆ శాక్రమెంటో లోయలోనే పండుతుంది. అక్కడ నారుమడీ లేదు, నాట్లూ లేవు, పొలానికి నీళ్ళు పెట్టి నానబెట్టిన విత్తనాలు విమానంలోంచి చల్లేస్తారు. అది ఏప్రిల్, మే నెలల్లో, కాబట్టి ఆయన చూడలేరు, కానీ సెప్టెంబర్ అంటే కోతలు మొదలై ఉంటాయి. వాల్‌నట్లు కూడా అప్పుడే, మిషనొకటి చెట్టు మొదలు పట్టుకుని ఊపితే కాయలన్నీ జలజలా రాలతాయి. మా మామగారు కాయలేరే పని వదిలేసి ఆ మిషన్‌నే చూస్తూ నిలబడ్డారు.

ఇక గురుద్వారా. వెళ్ళొచ్చా అని అడగక్కర్లేదు, ఎవరైనా, ఏ మతమైనా, ఎన్నిసార్లైనా. తినడానికి వచ్చారని ఎవరూ అనుకోరు, తినకుండా వెళ్తేనే అడ్డం పడతారు. అయితే ఒక మాట. మీ నాన్నగారి లాంటి మనిషి రోజూ ఒకరి చేత వడ్డించుకుని తినివస్తే నాలుగో రోజుకి ఆయనకే నచ్చదు, మానేస్తారు. అందుకని ఆయన్ని భోజనాల హాల్లోకి కాకుండా నేరుగా వంటింట్లోకి పంపండి. మా మామగారి విషయంలో పనికొచ్చింది అదే. అక్కడ పెద్ద టేబుల్ చుట్టూ ఓ పదిమంది పెద్దవాళ్ళు కూర్చుని ఉల్లిపాయలు, అల్లం, క్యాలీఫ్లవర్ తరుగుతుంటారు, పక్కన ఆడవాళ్ళు చపాతీలు ఒత్తుతూ ఉంటారు, ఒకరు పొడుగు చువ్వతో పెనం మీద తిప్పుతూ ఉంటారు. ఎవరూ ఎవరినీ పిలవరు, పని చెప్పరు. వెళ్ళి చేతులు కడుక్కుని ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుని కత్తి అందుకుంటే చాలు, మీరు ఆ టేబుల్ మనిషే. మా మామగారు తరిగిన ముక్కలు కాస్త లావుగా ఉన్నాయని ఒక ముసలాయన గొణిగాడట, ఇంటికొచ్చి దాని గురించి అరగంట చెప్పారు, అంత హుషారుగా ఆయన్ని అమెరికాలో నేనెప్పుడూ చూడలేదు.

భాష గురించి బెంగ వద్దు. అక్కడి పెద్దవాళ్ళలో చాలామందికి హిందీ వచ్చు, మీ నాన్నగారికి ముక్కలు ముక్కలుగా వచ్చినా సరిపోతుంది. ఎకరానికి ఎన్ని బస్తాలు, నీళ్ళు ఎక్కడి నుంచి, కూలీ ఎంత, ఈ మూడు ప్రశ్నలు ఏ భాషలో అడిగినా రైతుకి అర్థమవుతాయి.

ఇంకో విషయం, 2017 ఫిబ్రవరిలో ఓరోవిల్ డ్యామ్ స్పిల్‌వే దెబ్బతిని, తెగుతుందేమోనని కింద ఉన్న ఊళ్ళన్నీ ఖాళీ చేయించారు. యూబా సిటీ, మేరీస్‌విల్ అన్నీ కలిపి సుమారు 1 లక్షా 88 వేల మంది రాత్రికి రాత్రి రోడ్డెక్కారు. శాక్రమెంటో చుట్టుపక్కల గురుద్వారాలు తలుపులు తీసి, ఎవరొచ్చినా పడుకోవచ్చు, తినొచ్చు అన్నాయి. వచ్చినవాళ్ళలో తెల్లవాళ్ళూ, మెక్సికన్లూ అందరూ ఉన్నారు. అక్కడ వంటిల్లు రోజూ నడుస్తూనే ఉంటుంది కాబట్టి ఆ రాత్రి కొత్తగా ఏర్పాటు చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు, పప్పులో ఇంకో బిందె నీళ్ళు పోశారంతే.

దక్కనీ సర్దార్:

సత్ శ్రీ అకాల్ మాధవి గారూ. నేను సిక్కునే, పుట్టింది పెరిగింది హైదరాబాద్ అత్తాపూర్ దగ్గర సిఖ్ ఛావనీలో, ఉద్యోగం ఇక్కడ ఎలక్ట్రానిక్ సిటీలో. మా పెద్దలు మహారాజా రంజిత్ సింగ్ కాలంలో, 1832లో నిజాం దగ్గరికి వచ్చిన ఫౌజులో ఉన్నారని చెప్తారు, అందుకే మమ్మల్ని దక్కనీ సిక్కులంటారు. తెలుగులో రాస్తున్నానని ఆశ్చర్యపోకండి, మా అమ్మ గోంగూర పచ్చడి మీ ఇంట్లో కంటే బాగుంటుంది. మా కజిన్ ఒకడు ఫ్రెస్నోలో ట్రక్కు నడుపుతాడు, కాబట్టి అక్కడి గురుద్వారాలు కొన్ని నేనూ చూశాను.

ఎటికెట్ చెప్తా వినండి. లోపలికి వెళ్ళగానే చెప్పులు విప్పే గది ఉంటుంది, చేతులు కడుక్కోవాలి, తల కప్పుకోవాలి. అమ్మగారు కొంగు లేదా చున్నీ, నాన్నగారికి అక్కడే బుట్టలో రుమాళ్ళు ఉంటాయి, టోపీ మాత్రం వద్దు. సిగరెట్, ఖైనీ లాంటివి జేబులో కూడా ఉండకూడదు, తాగి అసలు రాకూడదు. దర్బారు హాల్లో గురు గ్రంథ్ సాహిబ్ ముందు వంగి మొక్కి, హుండీ లాంటిది ఉంటుంది, వేయాలనిపిస్తే ఒక డాలరు వేయండి, లేకపోతే లేదు, ఎవరూ చూడరు. తర్వాత కింద కూర్చోవడమే. కాళ్ళు గ్రంథ్ సాహిబ్ వైపు చాపకూడదు, ఇది మన గుళ్ళోనూ ఉన్నదే. అక్కడ విగ్రహం ఉండదు, గ్రంథమే గురువు, అందుకే కొబ్బరికాయ, హారతి పళ్ళెం, అర్చన టికెట్ ఇవేవీ ఉండవు. అమ్మగారికి ఏదైనా తీసుకెళ్ళాలని ఉంటే పాలు, గోధుమపిండి, పప్పు, చక్కెర ఇలాంటివి తీసుకెళ్ళి వంటింట్లో ఇవ్వమనండి, సంతోషంగా తీసుకుంటారు.

కడా ప్రసాదం పెడతారు, గోధుమపిండి, నెయ్యి, చక్కెరతో చేసింది. రెండు చేతులూ దోసిలి పట్టి తీసుకోవాలి, వద్దనకూడదు. నాన్నగారికి షుగర్ ఉంటే ముందే "థోడా" అనమనండి, గోళీ అంత పెడతారు. చేతికి నెయ్యి అంటుకుంటుంది, ప్యాంటుకి తుడవకుండా చేతులకి రాసేసుకోవడమే మా పద్ధతి.

లంగర్‌లో, అంటే అక్కడి భోజనాల హాల్లో, అందరూ ఒకే వరసలో కూర్చుంటారు, దాన్ని పంగత్ అంటాం. కలెక్టరైనా కూలీ అయినా అదే చాప. రోటీ ఇచ్చేటప్పుడు రెండు చేతులూ చాపి తీసుకోవాలి, ప్లేటు ముందుకు తోయకూడదు. వద్దనుకుంటే చేతులు జోడిస్తే చాలు. పెట్టించుకున్నది మాత్రం వదలకూడదు, ఇదొక్కటే కాస్త సీరియస్‌గా తీసుకుంటాం. వంట అంతా శాకాహారమే, గుడ్డు కూడా ఉండదు. అమెరికాలో కొన్ని చోట్ల ఆదివారాలు పిల్లల కోసం పిజ్జా కూడా పెడతారు, మా నానమ్మ బతికుంటే ఏమనేదో.

వెళ్ళే ముందు ఒక ఆదివారం మన అలసూరు చెరువు పక్కన ఉన్న గురుద్వారాకి తీసుకెళ్ళండి. పద్ధతులన్నీ అవే. అక్కడ ఒకసారి అలవాటైతే యూబా సిటీలో కొత్త అనిపించదు.

పాత పేపర్ల పిచ్చోడు:

మాధవి గారు అడిగిన "పంజాబీలు అక్కడ అంతమంది ఎందుకు" అన్నదానికి ఎవరూ జవాబివ్వలేదు, నేను వదలను, కాస్త పొడుగవుతుంది, ఓపిక లేనివాళ్ళు కిందికి జారిపోండి.

1900 ప్రాంతంలో జలంధర్, హోషియార్‌పూర్ వైపు రైతుల పిల్లలు, బ్రిటిష్ ఫౌజులో చేసినవాళ్ళు, ముందు కెనడాకి, అక్కడి నుంచి కిందికి వాషింగ్టన్ రాష్ట్రం వైపు కలప మిల్లుల్లోకి వచ్చారు. 1907 సెప్టెంబర్‌లో బెల్లింగ్‌హామ్ అనే ఊళ్ళో తెల్ల కూలీలు గుంపుగా వచ్చి వీళ్ళని కొట్టి ఊళ్ళోంచి తరిమేశారు. ఇంకా దక్షిణానికి వచ్చి కాలిఫోర్నియా చేరితే రైలు పట్టాల పని, ఆ తర్వాత పొలాలు. శాక్రమెంటో లోయ వాళ్ళకి అచ్చం పంజాబ్‌లా కనిపించిందని చెప్తారు, కాలవలు, చదును నేల, దూరంగా కొండలు. పొలం పని తెలిసినవాళ్ళు కాబట్టి నిలదొక్కుకున్నారు. అందులో జ్వాలా సింగ్ అనే ఆయన స్టాక్టన్ దగ్గర బంగాళాదుంపలు పండించి బాగా సంపాదించాడు, "పొటాటో కింగ్" అనేవాళ్ళు. ఆయనా, వసాఖా సింగ్, ఇంకొందరూ కలిసి 1912లో స్టాక్టన్‌లో సొసైటీ పెట్టి గురుద్వారా కట్టారు. అమెరికా మొత్తానికి మొదటి గురుద్వారా అదే. బర్కిలీలో చదువుకునే భారతీయ విద్యార్థులకి స్కాలర్‌షిప్పులు కూడా ఇచ్చాడు ఆయన, మతం చూడకుండా.

ఆ రోజుల్లో గురుద్వారా అంటే ప్రార్థన ఒక్కటే కాదు. పని కోసం ఊరూరా తిరిగే కూలీకి అదే సత్రం, అదే హోటలు, అదే పోస్టాఫీసు. బ్రిటిష్ పాలన పోవాలని 1913లో పుట్టిన గదర్ పార్టీకి స్టాక్టన్ గురుద్వారా పెద్ద అండ. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి వాళ్ళ పత్రిక వచ్చేది, పొలాల్లో కూలీలు చందాలేసి నడిపారు. ఇక్కడే మన నెల్లూరు సంగతి ఒకటుంది, మాధవి గారి నాన్నగారికి తప్పక చెప్పాలి. కనిగిరి నుంచి చదువుకోడానికి కాలిఫోర్నియా వెళ్ళిన దరిశి చెంచయ్య గారు అక్కడే గదర్ పార్టీలో చేరారు, దాని వల్ల జైలుకీ వెళ్ళారు, ఆ కథంతా తన ఆత్మకథలో రాసుకున్నారు. కనిగిరి తర్వాత ప్రకాశంలోకి వెళ్ళింది గానీ అప్పుడు నెల్లూరు జిల్లానే. అంటే వందేళ్ళ కిందటే మన వైపు కుర్రాడొకడు ఆ సర్దార్జీల మధ్య తిరిగాడు.

తర్వాత కష్టకాలం. 1913 కాలిఫోర్నియా చట్టంతో పౌరసత్వానికి అర్హత లేనివాళ్ళు భూమి కొనకూడదన్నారు. 1917లో ఇండియా నుంచి రావడమే ఆపేశారు. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులకి పౌరసత్వం రాదని తేల్చేసింది, ఆయన అప్పటికే అమెరికా ఫౌజులో పనిచేసిన మనిషి, అయినా సరే. భార్యల్ని తెచ్చుకోలేరు, తెల్లవాళ్ళని చేసుకోనివ్వరు. చాలామంది మెక్సికన్ అమ్మాయిల్ని పెళ్ళి చేసుకున్నారు, ముఖ్యంగా దక్షిణాన ఇంపీరియల్ లోయలో. పిల్లల పేర్లు మరియా సింగ్, హోసే సింగ్ ఇలా ఉండేవి, ఇంట్లో స్పానిష్, వంటింట్లో రోటీ పక్కన టోర్టియా. యూబా సిటీలో ఇలాంటి ఒక కుటుంబం హోటలు నడిపింది, మధ్యలో చీజు పెట్టి మడిచిన రోటీ కెసడియా వాళ్ళ స్పెషల్. అదిప్పుడు లేదు, లేకపోవడం ఆ ఊరికి నష్టమే అని నా అభిప్రాయం.

1946లో చట్టం మారింది, పౌరసత్వం ఇచ్చారు, కానీ ఇండియా నుంచి ఏడాదికి 100 మందే. ఆ చట్టం కోసం తిరిగినవాళ్ళలో దలీప్ సింగ్ సౌంద్ ఒకరు. 1920లో బర్కిలీకి చదువుకోడానికి వచ్చినప్పుడు స్టాక్టన్ గురుద్వారా వాళ్ళు నడిపే హాస్టల్లోనే ఉన్నారు, లెక్కల్లో డాక్టరేట్ చేసి కూడా ఉద్యోగం దొరక్క వ్యవసాయం చేశారు, 1956లో అమెరికా కాంగ్రెస్‌కి గెలిచారు. ఆసియా నుంచి వచ్చినవాళ్ళలో మొదటివాడు ఆయనే. 1965లో వలస చట్టం మారి తలుపులు తెరుచుకున్నాక బంధువుల్ని పిలిపించుకున్నారు, యూబా సిటీ నిండింది. అంతకుముందు యూబా సిటీ వాళ్ళు కూడా స్టాక్టన్ దాకా వెళ్ళేవాళ్ళు, టియెర్రా బ్యూనా గురుద్వారా 1970 ప్రాంతంలో వచ్చింది. 2017లో ఒక సిక్కు మహిళ, ప్రీత్ దిద్‌బాల్, ఆ ఊరి మేయర్ అయ్యే దాకా వచ్చింది కథ.

కోరమంగళ కిరణ్:

అందరూ పాలూ తేనే పోస్తున్నారు, నేను రెండో వైపు చెప్తా, ఏమనుకోకండి. గురుద్వారా కమిటీలకి అక్కడ ఎలక్షన్లు జరుగుతాయి, గ్రూపులుంటాయి, కోర్టు కేసులు కూడా. గోడల మీద సిక్కులకి వేరే దేశం కావాలనే ఖలిస్తాన్ పోస్టర్లు కొన్ని చోట్ల కనిపిస్తాయి, 2024లో శాన్‌ఫ్రాన్సిస్కోలో, తర్వాత శాక్రమెంటోలో రెఫరెండం అని ఓటింగ్ కూడా పెట్టారు. 2023 మార్చిలో శాక్రమెంటో గురుద్వారాలో వేడుక రోజున గొడవ జరిగి ఇద్దరికి తుపాకీ గాయాలయ్యాయి. విస్కాన్సిన్‌లో 2012లో ఏం జరిగిందో అందరికీ తెలుసు, తెల్లవాడొకడు ఆదివారం పొద్దున గురుద్వారాలోకి వచ్చి కాల్చాడు, ఆ రోజే ఆరుగురు పోయారు. పెద్దవాళ్ళని రోజూ పంపే ముందు ఇవన్నీ ఆలోచించాలి కదా.

దక్కనీ సర్దార్:

కిరణ్ భాయ్, మీరు చెప్పినవేవీ అబద్ధాలు కావు. కమిటీ పాలిటిక్స్ మాకూ తలనొప్పే, ఏ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగుకైనా వెళ్ళి చూడండి, అదే సీను. ఖలిస్తాన్ సంగతి, మా దక్కనీ వాళ్ళకి ఆ గొడవ పట్టదు, అక్కడి వాళ్ళలోనూ అందరిదీ ఒక మాట కాదు. 1984లో సిక్కుల మీద జరిగిన దాడుల్లో ఇంట్లోవాళ్ళని పోగొట్టుకుని వెళ్ళినవాళ్ళు కూడా అక్కడ ఉన్నారు, వాళ్ళ ముందు ఆ టాపిక్ ఎత్తడం మంచిది కాదు. నాన్నగారికి చెప్పేది ఒక్కటే, ఎవరైనా తీస్తే "నాకు తెలీదు జీ" అని కత్తి అందుకోమనండి. ఉల్లిపాయలు తరిగే టేబుల్ దగ్గర రాజకీయం మాట్లాడేవాళ్ళు తక్కువే, ఎక్కువగా కోడళ్ళ గురించే నడుస్తుంది. కాల్పులంటారా, అది అమెరికా సమస్య, స్కూళ్ళూ మాల్సూ ఏవీ మినహాయింపు కాదు. పెద్ద గురుద్వారాల్లో ఇప్పుడు కెమెరాలు, వేడుకలకి సెక్యూరిటీ ఉంటున్నాయి. పండగ రోజు గుంపులోకి చెల్లీ వాళ్ళతో కలిసి వెళ్ళమనండి, మామూలు రోజుల్లో ఒక్కరే వెళ్ళినా ఫర్వాలేదు.

వైట్‌ఫీల్డ్ వాసు:

పండగ అంటే గుర్తొచ్చింది, అసలు విషయం చెప్పడం మర్చిపోయా. నవంబర్ మొదటి ఆదివారం యూబా సిటీలో నగర కీర్తన్ జరుగుతుంది, 1980 నుంచి. ఊరి జనాభా సుమారు 70 వేలు, ఆ రోజు వచ్చేవాళ్ళు అంతకంటే ఎక్కువే ఉంటారంటారు, కెనడా నుంచి కూడా వస్తారు. గ్రంథ్ సాహిబ్‌ని అలంకరించిన వాహనం మీద ఊరేగిస్తారు, ముందు చీపుర్లతో రోడ్డు ఊడుస్తూ నడుస్తారు, వెనక కీర్తనలు, కర్రసాము లాంటి గత్కా. దారి పొడుగునా స్టాళ్ళు, పకోడీ, జిలేబీ, ఛోలే, చాయ్, ఎవరూ పైసా తీసుకోరు, తీసుకోకుండా పోతుంటే చెయ్యి పట్టుకుని ఆపుతారు. మా ఆవిడ ఆ రోజు కడుపు నొప్పి తెచ్చుకుంది, అది వేరే సంగతి.

ఆ పండగ దేనికో తెలుసా? గురు గోవింద్ సింగ్ 1708లో, ఇక నుంచి గ్రంథమే గురువు అని ప్రకటించిన సందర్భానికి. అది జరిగింది ఎక్కడో కాదు, నాందేడ్‌లో, మన గోదావరి ఒడ్డునే. బాసర వెళ్ళిన తెలుగువాళ్ళు చాలామంది అక్కడికీ వెళ్ళొస్తుంటారు. అంటే గోదావరి దగ్గర జరిగినదానికి యూబా సిటీ పక్కన పారే ఫెదర్ రివర్ దగ్గర ఊరేగింపు.

మారతహళ్ళి మాధవి:

అందరికీ చాలా థాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. చెంచయ్య గారి సంగతి నాన్నకి చదివి వినిపించాను, "కనిగిరి వాళ్ళు ఎక్కడున్నా గొడవే" అని నవ్వారు, కానీ ఆయన పుస్తకం ఎక్కడ దొరుకుతుందని రెండుసార్లు అడిగారు. కిరణ్ గారూ, మీరు చెప్పినవి కూడా చెల్లికి పంపాను, తెలిసి వెళ్ళడమే మంచిది.

ఇంకా మూడు సందేహాలున్నాయి. నాన్నకి మోకాళ్ళ నొప్పులు, కింద కూర్చుంటే లేవలేరు. అమ్మకి కార్తీకమాసం పట్టింపు ఎక్కువ, ఆ నెలంతా ఉల్లి వెల్లుల్లి ముట్టదు, సోమవారాలు ఉపవాసం. ఇక విజిటర్ వీసా మీద వెళ్ళి అక్కడ పని చేస్తే ఇబ్బంది కాదా అని మా ఆయన అంటున్నారు, సేవ అయినా సరే.

దక్కనీ సర్దార్:

మోకాళ్ళ విషయం ఫికర్ చేయకండి, చాలా చోట్ల గోడ పక్కన బెంచీలో కుర్చీలో ఉంటాయి పెద్దవాళ్ళ కోసం. నిజానికి లంగర్‌లో టేబుళ్ళు కుర్చీలు వేయొచ్చా అని కెనడాలో పెద్ద గొడవే జరిగింది, 1998లో సిక్కుల పెద్ద పీఠం అకాల్ తఖ్త్ నుంచి కిందే కూర్చోవాలని ఆదేశం వచ్చింది. కానీ నొప్పులున్న మనిషిని కింద కూర్చోమని ఎవరూ అనరు. వంటింట్లో అయితే మామూలు కుర్చీలే.

ఉల్లి వెల్లుల్లి మాత్రం పప్పులోనూ కూరలోనూ ఉంటాయి, తప్పదు. ఖీర్ ఉంటే ఖీరు, పెరుగు, పండ్లు, ప్రసాదం తీసుకోమనండి, "వ్రత్ హై" అంటే ఇక బలవంతం చేయరు. ఇంకో మాట, మా గురు నానక్ జయంతి కూడా కార్తీక పౌర్ణమికే. ఆ రోజు అమ్మగారు ఇంట్లో దీపాలు పెట్టుకుని సాయంత్రం గురుద్వారాకి వెళ్తే అక్కడ కూడా దీపాలే కనిపిస్తాయి.

వైట్‌ఫీల్డ్ వాసు:

వీసా గురించి. అసలు సమస్య డబ్బుకి గానీ వస్తువులకి గానీ చేసే పనితోనే. గుళ్ళోనో గురుద్వారాలోనో నలుగురితో కూర్చుని కూరగాయలు తరగడాన్ని ఎవరూ ఉద్యోగం అనరు, మా మామగారూ విజిటర్ వీసా మీదే వచ్చారు. జాగ్రత్త పడాల్సింది వేరే చోట. అక్కడ పరిచయాలు పెరిగాక, మీ నాన్నగారు రైతని తెలిశాక, తోటకి రండి అంకుల్, ఓ చెయ్యి వేయండి, చేతికి ఏదో ఇస్తాం అనేవాళ్ళు తగులుతారు, మంచి మనసుతోనే అంటారు. తోట చూడ్డానికి వెళ్ళమనండి, ట్రాక్టర్ ఎక్కి ఫొటో దిగమనండి, డబ్బు మాట వస్తే మాత్రం చేతులు జోడించమనండి. పనికి బదులుగా కాకుండా ప్రేమగా వాల్‌నట్ల బస్తా ఇస్తే మాత్రం వద్దనక్కర్లేదు.

మారతహళ్ళి మాధవి:

బస్తా వాల్‌నట్లు లగేజీలో ఎలా పెడతారో అప్పుడు చూద్దాం. ఈ ఆదివారం అలసూరు వెళ్తున్నాం, సర్దార్ గారూ, పార్కింగ్ దొరుకుతుందా?

దక్కనీ సర్దార్:

ఆదివారం దొరకదు. మెట్రోలో రండి, హలసూరు స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కండి. నాన్నగారికి రుమాలు తేవక్కర్లేదు, అక్కడ ఉంటాయి.